మా కథలో వాడు తిరిగొచ్చాడు

మా అమ్మ తన జీవితం మొత్తంలో ఒకే ఒక్క సినిమా చూసింది. అది ఫ్రెంచి సినిమా. మిషిగన్‌లో, మా ఇంటికి ముప్పావుగంట దూరంలో ఉన్న యూనివర్సిటీ ఊళ్ళో, ఒక శనివారం మధ్యాహ్నం ఆటకి తీసుకెళ్ళాను. అమ్మకి ఫ్రెంచి రాదు. తెర అడుగున వచ్చి పోయే అక్షరాలు అందుకునేంత ఇంగ్లీషూ రాదు. పక్కన కూర్చుని, ఆ అక్షరాలు చదివి, ఆమె చెవిలో తెలుగులో చెప్పడం నా పని.

అమ్మ పోయాక ఆ మధ్యాహ్నం గురించి రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. రాసిన ప్రతిసారీ అది కథలా తయారైంది. ఈసారి జరిగింది జరిగినట్టు రాసి ఊరుకుంటాను.

మేము కోస్తా క్రైస్తవులం. మా సంఘంలో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు సినిమా హాలు మెట్లు ఎక్కరు. నాన్న మిషన్ స్కూల్లో మాస్టారు, ఈ విషయంలో ఆయన మరీ పట్టుదలగా ఉండేవారు. వారపత్రికల మీద మాత్రం ఎవరూ నిషేధం పెట్టలేదు. అది ఎవరికీ తట్టి ఉండదు. అమ్మ సీరియళ్ళు ఒక్క వారం కూడా వదలకుండా చదివేది. తనలో తాను కాదు, పైకి. సాయంత్రం వంట ముగించి వరండాలో కూర్చుంటే, వీధిలో చదువురాని ఆడవాళ్ళు వచ్చి చుట్టూ చేరేవారు. నేనూ, నాకన్నా ఆరేళ్ళు చిన్నవాడైన మా తమ్ముడూ గడప దగ్గర కూర్చుని వినేవాళ్ళం.

అలా విన్నవాటిలో ఒకటి ఉప్పు మడుల కథ. మాదీ ఉప్పు పండే ఊరే. సముద్రం పక్కన చదునైన నేలలో మడులు కట్టి, ఉప్పునీళ్ళు పెట్టి, ఎండకి ఎండనిచ్చి, గీకి కుప్పలు పోస్తారు. కథలో ఒక విధవరాలు, ఆమెకు ఒక్కడే కొడుకు. తెల్లదొరల కాలం. ఉప్పు వండుకుంటే నేరం. కొడుకు చాటుగా ఉప్పు తీసి బీదవాళ్ళకు పంచుతాడు. పట్టుకుని అండమాను పంపేస్తారు. అప్పటినుంచి ఆ తల్లి తన మడుల్లో ఒకదాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వదు. అది కొడుకు మడి. ఏటా ఉప్పు పేరుకుంటుంది, ఏటా వానలకి కరిగిపోతుంది, ఆమె గీకదు, గీకనివ్వదు. చివరి వారంలో దొరలు దేశం వదిలి వెళ్ళిపోతారు. తల నెరిసిన మనిషి ఒకడు గట్టు మీద నడుచుకుంటూ వచ్చి, మాటా పలుకూ లేకుండా ఆ మడిలోకి దిగి ఉప్పు గీకడం మొదలుపెడతాడు. తల్లి లేచి నిలబడుతుంది. అంతే.

ఆ చివరి భాగాన్ని అమ్మ చేత మళ్ళీ మళ్ళీ చదివించుకున్నారు ఆడవాళ్ళు. ఏడ్చి, ముక్కు చీది, మళ్ళీ చదవమన్నారు.

ఆ సీరియల్ మొదలైన వారం, పేరు కింద చిన్న అక్షరాల్లో, ఒక ఫ్రెంచి నవలకు అనుసరణ అని వేశారు. అనుసరణ అంటే ఏమిటని నాన్నని అడిగాను. "వాళ్ళ పేర్లు తీసేసి మన పేర్లు పెట్టడం," అన్నారు. ఇంకేదో పని మీద ఉండి చెప్పిన మాట అది. చాలా ఏళ్ళు నాకు అనుసరణ అంటే అదే. కోటు తీసి పంచె కట్టడం, రొట్టె తీసి అన్నం పెట్టడం. మిగతాదంతా ఉన్నదున్నట్టే ఉంటుందని నమ్మాను. మా తరంలో వారపత్రికల మీద పెరిగినవాళ్ళు చాలామంది అలాగే నమ్మారనుకుంటాను.

నాన్న పోయాక తమ్ముడు మా ఊరి ఉప్పు కొటారులో, మడుల పక్కన ఉప్పు నిలవచేసే చోట, పనికి కుదిరాడు. కూలీల చేత పని చేయించడం, కుప్పలు లెక్క చూసుకోవడం. వాడికి ఊరు వదిలే ఆలోచన ఎప్పుడూ లేదు. నేను పెళ్ళయి, కార్ల కంపెనీలో ఇంజనీరైన మా ఆయనతో ఫార్మింగ్టన్ హిల్స్ వచ్చాను. డెబ్బై ఏడులో నాకు కాన్పు అని అమ్మ వచ్చింది. ఆరు నెలలు ఉండి వెళ్ళాలని ఏర్పాటు. అక్టోబరులో పాప పుట్టింది. నవంబరులో మా వైపు ఉప్పెన వచ్చింది.

తమ్ముడు ఆ వేళ కొటారు దగ్గరే ఉన్నాడు. వాడితో ఉన్న కూలీల్లో కొందరి శవాలు దొరికాయి. కొందరివి దొరకలేదు. వాడిది దొరకలేదు.

బాబాయి విజయవాడ నుంచి ఫోన్ చేసి ఈ మాటలే చెప్పాడు. అమ్మ రిసీవర్ నా చేతిలోంచి తీసుకుంది.

"నువ్వు చూశావా?" అంది.

ఆయన అటువైపు ఏదో చెబుతున్నాడు.

"అది కాదయ్యా నేనడిగేది. నీ కళ్ళతో చూశావా?" అంది. ఆయన లేదన్నట్టున్నాడు. "చూడకపోతే చెప్పబాక," అని ఫోన్ పెట్టేసింది. పాపకి స్నానం చేయించడానికి నీళ్ళు కాగుతున్నాయి. వెళ్ళి చేయించింది.

మా చుట్టుపక్కల తెలుగు క్రైస్తవ కుటుంబాలు కొన్ని కలిసి, ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకు తీసుకుని, ఆదివారం మధ్యాహ్నాలు ఆరాధన జరుపుకునేవాళ్ళం. వాక్యం చెప్పే అయ్యగారు వారమంతా ఒక కార్ల విడిభాగాల కంపెనీలో పనిచేసేవారు. నెల తిరక్కుండా ఆయన భార్యతో కలిసి మా ఇంటికి వచ్చారు. ఆదరణ కూడిక పెట్టుకుందాం అన్నారు. మనిషి పోయిన ఇంట్లో అందరూ చేరి పాటలు పాడి, ప్రార్థన చేసి, పోయినవాళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పుకుని, కలిసి భోజనం చేయడం మాలో ఆచారం.

"ఎవరి కోసమండీ?" అంది అమ్మ.

అయ్యగారు నా వంక చూశారు. నేను నేల వంక చూశాను.

"బాబు కోసమే, అమ్మగారూ."

"బాబు రావాల. వచ్చినాక కృతజ్ఞత కూడిక పెట్టుకుందాం. కాఫీ తాగుతారా, టీ తాగుతారా?"

ఆ తర్వాత నాలుగేళ్ళు ఆమె అదే మాట మీద ఉంది. సంఘంలో ఆడవాళ్ళు నచ్చజెప్పి చూశారు. ఒకసారి ప్రార్థనలో అయ్యగారు తమ్ముడి పేరుకు ముందు, మాలో చనిపోయినవాళ్ళకి వాడే మాట, ప్రభువునందు నిద్రించిన అనేశారు. అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. అమ్మ కళ్ళు మూసుకునే, గట్టిగా, "నిద్రపోలేదండీ," అంది. అయ్యగారు ఆగి, ఆ మాట తీసేసి, ప్రార్థన కొనసాగించారు.

వాడు బతికి ఉన్నాడని నేను ఒక్కరోజు కూడా అనుకోలేదు. అనుకోలేదని అమ్మకి చెప్పలేదు. ఆమె ఆశ ఆమెను నిలబెట్టింది, అది నా కళ్ళ ముందే జరిగింది. మనిషి మంచాన పడలేదు. మంచులో నడవడం నేర్చుకుంది, గిన్నెలు కడిగే మెషిన్ వాడటం నేర్చుకుంది, పాపకి తెలుగు నేర్పింది. తిరిగి వెళ్ళమని మేము అనలేదు, వెళ్తానని ఆమె అనలేదు. ఊళ్ళో ఇల్లు ఉప్పెనలో పోయింది. ఫోన్ మోగితే మాత్రం అందరికంటే ముందు లేచేది.

నేను మా ఊరి లైబ్రరీలో సగం రోజు పనిచేసేదాన్ని. ఎనభై రెండు జనవరిలో నోటీసు బోర్డుకి యూనివర్సిటీ ఊరి హాలు వాళ్ళ కాగితం ఒకటి వచ్చింది, రాబోయే విదేశీ సినిమాల వివరాలతో. దాన్ని బోర్డుకి గుచ్చుతూ చదివాను. మూడు వందల ఏళ్ళ కిందటి ఫ్రాన్సు. సముద్రతీరంలో ఉప్పు తీసే ఊరు. రాజు ఉప్పు మీద వేసిన పన్ను. ఒక విధవరాలి కొడుకు దొంగతనంగా ఉప్పు అమ్మి పట్టుబడతాడు, రాజుగారి యుద్ధ ఓడల్లో గొలుసులు వేసి తెడ్లు వేయించే శిక్ష పడుతుంది. అతని కోసం ఆమె ఒక ఉప్పు మడిని వదిలేస్తుంది. పేరున్న నవలకు తెరరూపం అని రాశారు.

ఆ నవల ఇంగ్లీషులో మా లైబ్రరీలో లేదు. తెప్పించుకోవచ్చు. తెప్పించుకోవాలని అనిపించలేదు. ఆ కథ నాకు తెలుసు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర చెప్పాను, ఏదో ఒక విశేషంలాగా. "అమ్మా, నువ్వు వరండాలో చదివేదానివే, ఉప్పు మడుల సీరియల్. అది సినిమాగా వచ్చిందట. ఫ్రెంచి వాళ్ళు తీశారు."

అమ్మ కలుపుతున్న చెయ్యి ఆపింది. "వాళ్ళెందుకు తీశారు మన కథని?"

"మనది కాదు. వాళ్ళదే. మనవాళ్ళు అక్కణ్ణించి తెచ్చారు."

"చివరికి వాడొస్తాడు, అదేనా?"

"అదే."

"నన్ను తీసుకెళ్ళు."

మా ఆయన తలెత్తారు. ఆయనకి అత్తగారంటే గౌరవమూ ఉండేది, కాస్త ఆటపట్టించే చనువూ ఉండేది. "సినిమాకే అత్తయ్యగారూ? అయ్యగారికి తెలిస్తే మనందరినీ మళ్ళీ నీళ్ళలో ముంచుతారు."

"ముంచితే ముంచనీ బాబూ. ఇది సినిమా కాదు."

"మరేంటండీ?"

"వాడు గట్టు మీద నడిచి రావడం నేను చదివానే గానీ చూళ్ళేదు," అంది. "చూడాల."

మా ఆయన అన్నం ముగించి లేచారు. గదిలోకి వెళ్ళాక, "ఆలోచించుకో. ఆవిడ వెళ్ళేది పిక్చర్ కోసం కాదు. ప్రూఫ్ కోసం వెళ్తోంది," అన్నారు.

"మంచిగానే ముగుస్తుందిగా," అన్నాను.

"ముగిస్తే? అప్పుడింకా నమ్ముతుంది."

"నమ్మనివ్వండి."

ఆ శనివారం ఆయన పాపతో ఇంట్లో ఉన్నారు. నేను డ్రైవ్ చేశాను. అమ్మ తెల్లచీర మీద స్వెట్టరు, దాని మీద మా ఆయన ఓవర్‌కోటు వేసుకుంది, కాళ్ళకి నా బూట్లు. రాత్రి పడ్డ మంచు రోడ్డు పక్కకి తోసి ఉంది. దారి పొడుగునా ఆమె కథ గుర్తు చేసుకుంటూనే ఉంది. మొదట పంచాయితీ, తర్వాత పోలీసులు రావడం, తర్వాత ఓడ. పరీక్షకి వెళ్ళే పిల్లలాగా.

హాలు పాతది, సగం కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఎక్కువగా విద్యార్థులు, కొద్దిమంది ముసలివాళ్ళు. అమ్మ కూర్చోగానే కొంగు తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. దీపాలు ఆరేదాకా ప్రార్థన చేసింది. ఆమె పెదవులు కదులుతుంటే పక్క వరసలో ఉన్న కుర్రాడు పాప్‌కార్న్ నమలడం ఆపి చూశాడు.

సినిమా మొదలై కాసేపటికే మా ముందున్న ఆవిడ వెనక్కి తిరిగి, దయచేసి మాట్లాడకండి అంది. నేను క్షమించమని చెప్పి అమ్మని చివరి వరసలోకి, ఎవరూ లేని మూలకి తీసుకెళ్ళాను. అక్కణ్ణించి తెర చిన్నగా కనిపించింది, అక్షరాలు మాత్రం చదవడానికి వచ్చాయి.

మొదటి గంట అమ్మ అంత సంతోషంగా ఉండటం నేను ఆ నాలుగేళ్ళలో చూడలేదు. ఉప్పు కుప్పలు కనబడగానే నా మోచేయి పొడిచింది. "మనవే, చూడు." వాళ్ళ చెక్క పారలు పొడుగ్గా ఉన్నాయని, ఆడవాళ్ళు తలమీద బుట్టలు మనవాళ్ళలాగే మోస్తున్నారని, అంత మబ్బులో ఉప్పు ఎలా పండుతుందని, గుసగుసగా అడుగుతూనే ఉంది. విధవరాలుగా వేసిన ఆమె పొడుగ్గా, ఎముకలు తేలి ఉంది. "ఇది మనామె కాదు, మనామె పొట్టి," అని, కాసేపయ్యాక, "పోనీలే, మొహం బాగుంది," అంది.

కొడుకు పట్టుబడే చోట మొదటి తేడా వచ్చింది. మా సీరియల్లో ఎవడో కూలీ డబ్బుకి ఆశపడి చెప్పేస్తాడు. ఇక్కడ తల్లే వెళ్ళి ఊరి గుళ్ళో ఫాదరుగారి దగ్గర మనసులో మాట చెప్పుకుంది, కొడుకు ఏం చేస్తున్నాడో. ఫాదరుగారు వెళ్ళి పన్ను అధికారులకి చెప్పాడు.

"గురువుగారు చెప్పేశాడా?" అంది అమ్మ.

"చెప్పేశాడు."

"మన దాంట్లో లేదే."

"లేదు."

"ఎందుకు లేదు?"

మా పత్రిక చదివేవాళ్ళు గురువుల్ని అలా చూపిస్తే ఒప్పుకోరని తీసేసి ఉంటారు. ఆ క్షణంలోనే నాకు తెలిసింది, మార్చింది పేర్లు మాత్రమే కాదని. లేచి వెళ్ళిపోదామని అందామనుకున్నాను. ఏం కారణం చెప్పాలో తోచలేదు. అమ్మ ముందుకి వంగి కూర్చుంది.

తర్వాత ఏళ్ళు గడుస్తాయి తెరమీద. మడిలో ఉప్పు తెల్లగా పేరుకోవడం, వాన పడి కరిగిపోవడం. అమ్మ తల ఊపుతూ చూసింది, అది ఆమెకి తెలిసిన భాగం. ఒకచోట ఊరి సారాకొట్టులో కాలు పోయిన మనిషి ఒకడు కూర్చుని మాట్లాడాడు. ఓడల్లో శిక్ష ముగించుకుని వచ్చినవాడు. ఆ విధవరాలి కొడుకు మొదటి చలికాలంలోనే తెడ్డు దగ్గర పోయాడనీ, గొలుసు విప్పి సముద్రంలో పడేశారనీ చెప్పాడు. వింటున్నవాళ్ళు ఆమెకి చెప్పకూడదని అనుకున్నారు. అక్షరాలు వచ్చాయి, పోయాయి.

"ఏమంటాడు?" అంది అమ్మ.

"ఉప్పు ధర పెరిగిందంటున్నాడు."

"అంతసేపు దాని గురించేనా?"

"వాళ్ళు అంతే, ఎక్కువ మాట్లాడతారు."

చివరికి గట్టు వచ్చింది. పొడుగైన గట్టు, రెండు పక్కలా నీళ్ళు, దూరంగా ఒక మనిషి నడిచి వస్తున్నాడు. తల్లి గుమ్మం దగ్గర బల్లమీద కూర్చుని ఉంది. బాగా ముసలిదైపోయింది. ఆ మనిషి రావడానికి చాలాసేపు పట్టింది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్ళు నా ఉంగరం మీద నొక్కుకుని నొప్పి పుట్టింది.

"వస్తున్నాడు," అంది. గుసగుస కాదు, మామూలు గొంతుతో.

మనిషి దగ్గరికి వచ్చాడు. గడ్డం ఉంది. టోపీ తీశాడు. ఏదో అడిగాడు. అక్షరాల్లో ఉన్నది ఇది: ఈ మడులన్నీ పారిస్‌లో ఒక పెద్దమనిషి కొన్నాడు, నేను ఆయన తరఫున కొలతలు వేయడానికి వచ్చాను, గీకకుండా వదిలిన ఆ మడి ఎవరిది? ఆమె, నా కొడుకుది అంది. రేపటినుంచి దాన్నీ గీకుతారు అన్నాడు అతను, మర్యాదగానే.

"వచ్చాడా?" అంది అమ్మ.

"వచ్చాడమ్మా," అన్నాను.

అమ్మ నా చెయ్యి వదల్లేదు. తెర వంకే చూస్తోంది. తెరమీద ఆ తల్లి కూర్చునే ఉంది. అతను టోపీ పెట్టుకున్నాడు.

"వస్తే అది లేవదేం?" అంది అమ్మ.

నేను తెర అడుగున కొత్త అక్షరాల కోసం చూశాను.

"ఏమే. కొడుకొస్తే తల్లి లేవదా?"

ముందు వరసల్లోంచి ఎవరో ఉష్ అన్నారు. అమ్మ నా చెయ్యి వదిలేసింది. "వాడు కాదు," అంది. తర్వాత కూలీలు పారలు తీసుకుని మడిలోకి దిగారు. గీకిన ఉప్పు కుప్ప పోయడం చూపించి, ముగించారు. దీపాలు వెలిగాయి. విద్యార్థులు కోట్లు తొడుక్కుంటూ సినిమాలో వెలుతురు ఎంత బాగా పట్టారో మాట్లాడుకుంటున్నారు.

కారు వేడెక్కేదాకా పార్కింగ్‌లోనే కూర్చున్నాం. అమ్మ అద్దంలోంచి బయటికి చూస్తోంది.

"అక్కడ ఏం రాసుంది?" అంది.

"ఎక్కడ?"

"నువ్వు చదివిన చోట. ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్పాను. గట్టు మీద వచ్చిన మనిషి ఎవరో చెప్పాను. సారాకొట్టులో మనిషి ఏమన్నాడో కూడా చెప్పాను. అమ్మ, "మొదటి చలికాలంలోనేనా?" అంది.

"అవును."

"అయితే అది కూర్చున్నన్నేళ్ళూ వాడు లేడు."

"లేడు."

"ఊళ్ళో అందరికీ తెలుసు."

నేను కారు స్టార్ట్ చేశాను.

హైవే ఎక్కాక అంది, "మన పత్రికాయన ఎందుకు మార్చాడే?"

"చదివేవాళ్ళు బాధపడతారని మార్చి ఉంటాడమ్మా."

"ఆయనెవరు, నా కొడుకుని తీసుకొచ్చేదానికి?" అంది. తను నా కొడుకు అన్నదని ఆమెకి తెలిసిందో లేదో నాకు తెలియదు. ఇల్లు చేరాం. లోపలికి వచ్చి, బూట్లు విప్పి, గుమ్మం పక్కన జతగా పెట్టి, "అయ్యగారికి ఫోన్ చేసి కూడిక పెట్టమను," అంది.

మా ఆయన సోఫాలోంచి లేచారు. "ఏ కూడిక అత్తయ్యగారూ?"

"ఆదరణ కూడిక. బాబు పోయాడు."

ఆ నెలలోనే పెట్టాం, మా బేస్‌మెంట్‌లో. చర్చి నుంచి మడత కుర్చీలు తెచ్చారు. ఆడవాళ్ళు పులిహోర, కోడికూర, పెరుగన్నం పంచుకుని వండి తెచ్చారు. వచ్చినవాళ్ళందరి ముఖాల్లో ఒక తేలిక కనిపించింది. ఇన్నాళ్ళూ మా ఇంటికి వచ్చిన ప్రతిసారీ ఏ మాట అనకూడదో చూసుకుంటూ మాట్లాడినవాళ్ళు వాళ్ళు. పాటలు పాడారు. అయ్యగారు చాలా ప్రేమగా, చాలాసేపు ప్రార్థన చేశారు. తర్వాత తల్లిగారు బాబు గురించి రెండు మాటలు చెబుతారు అన్నారు.

అమ్మ లేచి నిలబడింది. కుర్చీ వీపు పట్టుకుంది.

"వాడు పొడుగరి," అంది. "వాడికి ఈత వచ్చు."

అందరూ ఎదురుచూశారు. ఆమె కూర్చుంది.

భోజనాల దగ్గర అయ్యగారి భార్య పళ్ళెం తెచ్చి అమ్మ చేతికిచ్చి పక్కన కూర్చుంది. మంచి మనిషి. "ఇప్పుడు మీ మనసుకి నెమ్మదొస్తుంది అక్కగారూ," అంది.

"రాలేదమ్మా," అంది అమ్మ. "నువ్వు తిను, చల్లారిపోద్ది."

నెమ్మది తర్వాత కూడా రాలేదు. నేను చదివిన పుస్తకాల్లో చాలాచోట్ల ఉంది, నిజాన్ని ఒప్పుకుంటే గుండె బరువు దిగుతుందని. మా ఇంట్లో అలా జరగలేదు. నిజం ఒప్పుకున్నాక ఆమె చేయడానికి ఏమీ మిగల్లేదు. పొద్దున్నే లేచేది, మొహం కడుక్కునేది, కిటికీ పక్కన కూర్చునేది. పాప వచ్చి చెయ్యి పట్టి లాగితే లేచి వెళ్ళేది, వదిలేస్తే అక్కడే ఆగిపోయేది. పాపతో మాటలు తగ్గాయి, పాప తెలుగు కూడా తగ్గింది. డాక్టర్లు రక్తం పరీక్ష చేసి అంతా బాగానే ఉందన్నారు. మా ఆయన ఒకసారి ఇండియా వెళ్ళొద్దామా అని అడిగారు. "ఏం చూసేదానికి బాబూ?" అంది, నిజంగానే తెలుసుకుందామన్నట్టు.

ఆ నవల ఇంగ్లీషులో నేను తర్వాత చదివాను. సినిమా వాళ్ళు నవలకి చాలావరకు కట్టుబడ్డారు. మా పత్రికలో రాసినాయన ఎవరో వెతకలేదు. దొరికితే అడగడానికి నా దగ్గర ప్రశ్న లేదు. ఆయన చేసింది నేనూ ఆ హాల్లో చేయబోయాను, ఆయనకి వచ్చినంత బాగా చేయలేకపోయాను.

ఎనభై నాలుగు ఎండాకాలంలో బాబాయి ఫోన్ చేశాడు. అమ్మ వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఫోన్ మోగినా లేవలేదు. నేను తీశాను. ఒరిస్సా వైపు చేపలవాళ్ళ ఊళ్ళో మతి స్థిమితం లేని మనిషి ఒకడు ఉన్నాడట, తెలుగులో మాట్లాడతాడట, ఎప్పుడో సముద్రం నుంచి తెచ్చారట. మనవాడు కావచ్చని ఎవరో అన్నారట. వదినెని పిలువమ్మా అన్నాడు.

నేను రిసీవర్ మీద చెయ్యి మూసి, అమ్మకి అంతా చెప్పాను. ఆమె చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని విన్నది.

"కాదులే," అంది.

"ఒక్కసారి మాట్లాడతావా?"

"కాదన్నానుగా. పెట్టెయ్."

నేను పెట్టలేదు. రిసీవర్ తీసుకుని, తీగ సాగినంత దూరం, మెట్ల దాకా వెళ్ళాను. వాడు బతికున్నాడని ఏడేళ్ళపాటు ఒక్కరోజు కూడా నమ్మని నేను, గోడవైపు తిరిగి నిలబడి, మెల్లగా అడగడం మొదలుపెట్టాను. మనిషి ఎంత ఎత్తున్నాడు బాబాయ్, ఎవరైనా చూసొచ్చారా, వయసెంత ఉంటుంది, అమ్మ పేరు చెబుతున్నాడా. బాబాయికి ఏదీ తెలియదు. వాళ్ళ అబ్బాయిని పంపిస్తానన్నాడు.

పంపించాడు. ఆ మనిషి శ్రీకాకుళం వైపువాడు. వాళ్ళ వాళ్ళు అప్పటికే వచ్చి తీసుకెళ్ళారు. అది తెలిసేదాకా నేను ఫోన్ మోగిన ప్రతిసారీ లేచాను. అమ్మ కిటికీ దగ్గరే కూర్చుని నన్ను చూసింది. ఏమైందని అడగలేదు. నేనూ చెప్పలేదు.